విశాఖ ఎరువు వెనుక తవ్విన నేలలు

వరిచేలో చల్లే కాంప్లెక్స్ ఎరువులోని భాస్వరం ఏదో ఒక కొండనో దీవినో తవ్వితే వచ్చిందే. విశాఖ శ్రీహరిపురంలో కోరమాండల్ ఎరువుల కర్మాగారం 1967లో మొదలైంది. ఆ కర్మాగారం ‘గ్రోమోర్’ బస్తా తెలియని కోస్తా రైతు అరుదు. దాని ముడిసరుకైన ఫాస్ఫేట్ రాయి మాత్రం ఓడల్లో రావాల్సిందే. మన దేశానికి ఎక్కువగా జోర్డాన్, మొరాకోల నుంచి వస్తుంది. అక్కడ పైమట్టి ఒలిచి, రాతిని పేల్చి, పొరలుపొరలుగా ఎత్తుతారు. ఇక్కడ ఆ రాతిపొడిని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కలిపి ఫాస్ఫారిక్ ఆమ్లం తీస్తారు. మిగిలేది గుట్టలకొద్దీ జిప్సం.

ఇలాంటి తవ్వకానికి బలైన దేశం నౌరు. పసిఫిక్‌లో 21 చదరపు కిలోమీటర్ల దీవి అది. 1907 నుంచి అక్కడి ఫాస్ఫేట్ ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పొలాలకు వెళ్లింది. రాయి తీసేశాక మిగిలినవి మొనదేలిన పగడపు సున్నపురాతి స్తంభాలు. దీవిలో దాదాపు 80 శాతం సాగుకూ నివాసానికీ పనికిరాకుండా పోయింది. 1968లో స్వతంత్రమైన నౌరు, 1989లో ఈ నష్టానికి తన పూర్వ పాలక దేశమైన ఆస్ట్రేలియాపై అంతర్జాతీయ న్యాయస్థానానికెక్కింది. 1993లో రాజీ కుదిరింది. పరిహారం వచ్చింది కానీ నేల తిరిగి రాలేదు.

మన కొండల్లోనూ ఈ రాయి ఉంది. విశాఖ మన్యంలోని అనంతగిరి మండలం కాశీపట్నం దగ్గర మాగ్నటైట్, వెర్మిక్యులైట్‌లతో కలిసి ఫాస్ఫేట్ ఖనిజమైన అపటైట్ సిరలు కనిపిస్తాయి. విశాఖ అవసరాలకు ఆ నిల్వలు ఏ మూలకూ చాలవు. అయినా ఆ మండలం పేరు దేశ న్యాయచరిత్రలో నిలిచింది. బొర్రా పరిసర గిరిజన గ్రామాల్లో ప్రైవేటు సంస్థలకిచ్చిన గనుల లీజులపై ‘సమత’ సంస్థ సుప్రీంకోర్టు దాకా పోరాడింది. 1997 జులై 11న 2-1 మెజారిటీతో తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదని కోర్టు తేల్చింది. గనులు నడిపేవారు నికర లాభంలో కనీసం 20 శాతం నీటికీ బడులకూ ఆస్పత్రులకూ రోడ్లకూ శాశ్వత నిధిగా పెట్టాలంది. అడవి తిరిగి పెంచే ఖర్చు అందులో కలపకూడదని కూడా చెప్పింది.

నౌరు ప్రజలకు తవ్వకానికి ముందే దొరకాల్సిన రక్షణ ఇదే. మన మన్యంలో ఎక్కడ గని తెరిచినా, ఆ 20 శాతం లెక్క ఏటా గ్రామసభలో చదివి వినిపించాలి.