చెవిలో మోత, మణికట్టు మీద మూడు వేళ్లు

గ్వాంగ్‌జౌలో జూలై నెల. ఎనిమిది కాకముందే చొక్కా వీపుకు అతుక్కుంటోంది. పాత లీవాన్ పేటలో మర్రిచెట్ల నీడన నడిచి, చైనా సంప్రదాయ వైద్యపు ఆసుపత్రి మెట్లెక్కగానే ముందు ఎదురొచ్చేది వాసన. మరిగిన వేళ్లు, ఎండిన కమలా తొక్కలు, వాటి వెనక మాచిపత్రి కాలుతున్న పొగ. ఫోన్లలో నంబరు చూసుకుంటూ జనం గోడవారగా నిలబడ్డారు. చెవి, ముక్కు, గొంతు విభాగం పైఅంతస్తులో. తలుపు బార్లా తెరిచే ఉంది. డాక్టరమ్మ ఒకరితో మాట్లాడుతుంటే ఇంకో నలుగురు చుట్టూ నిలబడి వింటున్నారు. ఇక్కడ ఎవరి జబ్బూ రహస్యం కాదు. మీరూ ఆ నలుగురి పక్కన నిలబడండి, ఎవరూ ఏమీ అనుకోరు.

బల్ల మీద అరచేతి మందాన చిన్న దిండు. దాని మీద చెయ్యి ఆనించి కూర్చున్నావిడకు యాభై దాటి ఉంటాయి. బట్టల హోల్‌సేల్ బజారులో దుకాణం నడుపుతోంది. చాలాకాలంగా రెండు చెవుల్లోనూ మోత.

"ఎలా మోగుతోంది అక్కా?" డాక్టరమ్మ మొదటి ప్రశ్న అదే.

ఆవిడ కిటికీ వైపు చెయ్యి చూపించింది. బయట మర్రికొమ్మల్లో కీచురాళ్ల రొద. "అదిగో, అచ్చం అలాగే. చలికాలంలో అవి నోరు మూసుకుంటాయి, నాది మాత్రం మూసుకోదు."

డాక్టరమ్మ నవ్వలేదు, రాసుకుంది. పగలెక్కువా, రాత్రెక్కువా? మెల్లగా మొదలైందా, ఒక్కసారిగా వచ్చిందా? నడుము లాగుతుందా? మోకాళ్లు? రాత్రి ఎన్నిసార్లు లేస్తారు? అరికాళ్లలో వేడి పుడుతుందా? నోరు ఎండుతుందా, చేదుగా ఉంటుందా? చెవి కోసం వచ్చిన మనిషిని మోకాళ్ల గురించి అడగడం మనకు కొత్తే. కానీ ఈ వైద్యం నడిచే దారే అది. రెండు వేల ఏళ్ల పైబడిన 'హువాంగ్‌డీ నెయ్‌జింగ్' గ్రంథం చెవిని మూత్రపిండాల ద్వారంగా చెబుతుంది. వాళ్ల లెక్కలో మూత్రపిండం మూత్రం తయారుచేసే అవయవం మాత్రమే కాదు, పుట్టుకతో తెచ్చుకున్న సారాన్ని దాచే చోటు. ఆ సారం నుంచి మజ్జ పుడుతుంది, మజ్జ అంతా చేరే సముద్రం మెదడు. వయసు వల్లనో, ఏళ్ల తరబడి చాకిరీ వల్లనో సారం తరిగితే ఆ సముద్రం తగ్గుతుంది. అప్పుడు తల తిరుగుతుంది, కాళ్లు లాగుతాయి, చెవులు మోగుతాయి. అందుకే ఆవిడ మోకాళ్ల సంగతి డాక్టరమ్మకు కావాలి.

"రెండు చెవులూ అరచేతులతో గట్టిగా మూసి చెప్పండి. తగ్గిందా, పెరిగిందా?"

ఈ పరీక్ష మింగ్ వంశపు కాలం నాటి వైద్యుడు జాంగ్ జింగ్యువె (1563–1640) రాసిపెట్టినది. మూస్తే తగ్గేది లోటు వల్ల వచ్చిన మోత. మూసేకొద్దీ పెరిగేది ఒంట్లో ఏదో ఎక్కువై, పైకి తన్నుకొచ్చిన మోత. దుకాణం ఆవిడ చెవులు అదుముకుని, కళ్లు మూసుకుని, "కొంచెం తగ్గింది" అంది. చుట్టూ ఉన్నవాళ్లలో ఇద్దరు ఆ పక్కనే తమ చెవులూ మూసి చూసుకున్నారు.

ఇక మూడు వేళ్లు. చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలు మణికట్టు మీద వరసగా పడ్డాయి. ఎడమ చేతి మీద ఆ మూడు చోట్లూ గుండె, కాలేయం, మూత్రపిండాలవి. కుడి చేతి మీద ఊపిరితిత్తులు, ప్లీహం, మూత్రపిండాల వేడి. మన నాడీ వైద్యులూ మూడు వేళ్లతోనే చూస్తారు. వాళ్లు వాత పిత్త కఫాలు వెతికితే ఈవిడ ఒక్కో వేలి కింద ఒక్కో అవయవాన్ని వెతుకుతోంది. వేళ్లు ముందు తేలిగ్గా ఆనాయి, తర్వాత కాస్త ఒత్తాయి, తర్వాత ఎముక తగిలేదాకా ఒత్తాయి. చెయ్యి మార్చి మళ్లీ మొదటి నుంచి. అంతసేపూ గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత నాలుక. ఎర్రగా ఉంది, పైన పూత దాదాపు లేదు. నాలుక మొన గుండెదట, అంచులు కాలేయానివి, మధ్య భాగం పొట్టది, మొదలు మూత్రపిండాలది.

"నాడి సన్నగా ఉంది. ఉంగరపు వేలి కింద మరీ," అంటూ డాక్టరమ్మ కంప్యూటర్లో చీటీ కొట్టింది. మూత్రపిండాల చలువ తరిగింది అని ఆ చీటీ సారాంశం.

అదే బల్ల మీద ఆడియోగ్రామ్ కాగితం కూడా ఉందని గమనించండి. వినికిడి గీత మామూలుగానే మొదలై, కీచు శబ్దాల దగ్గరికి వచ్చేసరికి కిందికి జారిపోయింది. ఆధునిక వైద్యం ఇదే మోతను ఇంకోలా చెబుతుంది. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారపు భాగంలోని సన్నటి కేశకణాలు వయసుతో, పెద్ద శబ్దాలతో పాడవుతాయి. అటు నుంచి రావలసిన సంకేతాలు తగ్గిపోతే మెదడు తన వైపు నుంచి పట్టు పెంచుతుంది, అప్పుడు లేని శబ్దం వినపడుతుంది. రాత్రిపూట ఎక్కువగా తెలియడానికి కారణం ఊళ్లోని మిగతా చప్పుళ్లు ఆగిపోవడమే. ఈ రెండు వివరణలూ ఒకటేనని చెప్పేవాళ్లతో నేను ఏకీభవించను. మూత్రపిండాల సారాన్ని ఏ పరికరమూ కొలిచి చూపలేదు, కేశకణాలు సూక్ష్మదర్శినిలో కనిపిస్తాయి. అయితే ఆవిడ నిద్ర గురించి, అలసట గురించి, మోత ఆవిడను ఎప్పుడు ఎక్కువ వేధిస్తుందో దాని గురించి ఇంత ఓపిగ్గా అడిగింది ఈ మూడు వేళ్ల వైద్యమే. మోతతో బతికేవాళ్లకు ఆ ప్రశ్నలు చిన్న సంగతి కాదు. చాలా చోట్ల వాళ్లు వినేది "ఇది ఇంతేనమ్మా, అలవాటు చేసుకో" అన్న ఒక్క మాటే.

కిందికి దిగితే మందుల విభాగం. గోడ నిండా చెక్క సొరుగులు, ఒక్కో సొరుగు మీద రెండు మూడు పేర్లు. బల్ల మీద ఏడు కాగితాలు పరిచారు, రోజుకొకటి చొప్పున వారానికి. ముందు పడింది రెహ్మానియా దుంప. సారాయి పోసి ఆవిరి పట్టి, ఎండబెట్టి, మళ్లీ ఆవిరి పట్టి తయారుచేస్తారు. పచ్చిది పసుపు రంగు, ఇదేమో నిగనిగలాడే నలుపు. వేళ్లకు బెల్లప్పాకంలా అంటుకుంటుంది, నోట్లో వేసుకుంటే తియ్యన. దాని మీద పుల్లటి ఎర్ర కార్నస్ పండ్లు, తెల్లటి చైనా పెండలం ముక్కలు, పైన్ వేళ్ల మీద పెరిగే పోరియా అనే బూజుగడ్డ, పియోనీ వేరు బెరడు, నీటిమొక్క అలిస్మా దుంప. ఈ ఆరింటి కూర్పు సోంగ్ వంశపు కాలంలో చ్యెన్ యీ అనే పిల్లల వైద్యుడిది. 1119లో వెలువడిన ఆయన గ్రంథంలో ఇది ఎదుగుదల మందగించిన పసివాళ్ల కోసం చెప్పిన మందు. ఇవాళ ఎక్కువగా తాగేది నడివయసు వాళ్లు, ముసలివాళ్లు. దీనికి ఇంకో రెండు కలిపితే చెవి మందు అవుతుంది. ఒకటి చైహు వేరు. రెండోది కాగితం మీద ఠక్కుమని పడినప్పుడు మీరు ఉలిక్కిపడతారు, అది సూదంటురాయి. ముదురు బూడిదరంగు రాతి నలుసులు. బరువైనది కాబట్టి పైకెగసిన దాన్ని కిందికి దింపుతుందని వాళ్ల నమ్మకం. దాన్ని చిన్న గుడ్డసంచిలో కట్టి, అరగంట ముందే విడిగా మరిగించాలి. కుండ మట్టిది కావాలి, ఇనప గిన్నె పనికిరాదు. ఇంట్లో కాచుకునే తీరిక లేనివాళ్లకు ఆసుపత్రే కాచి ప్లాస్టిక్ సంచుల్లో పోసి ఇస్తుంది.

మళ్లీ పైకి వెళ్దాం. ఇప్పుడు దిండు మీద చెయ్యి పెట్టింది పాతికేళ్ల కుర్రాడు. ఆఫీసులో పెద్ద గొడవైన రాత్రి నుంచీ రెండు చెవుల్లోనూ అలలు విరిగినట్టు హోరు. చెవులు మూస్తే పెరిగింది. నోరు చేదు, కళ్లు ఎర్రన, నాలుక అంచులు ఎర్రన. నాడి బిగించిన వీణతీగలా వేళ్లకు తగిలింది. ఇది కాలేయపు మంట అంది డాక్టరమ్మ. కోపంతో మంట లేచి పిత్తాశయపు దారి వెంట చెవిలోకి ఎక్కిందట. దానికి మందు జెన్షియన్ వేరు ముఖ్యంగా ఉండే కషాయం, లోంగ్‌డాన్ షియేగాన్. చేదంటే అలాంటిలాంటి చేదు కాదు.

ఈ చీటీలో ఒక్క పేరు దగ్గర ఆగాలి. 'ముతోంగ్' అనే తీగకాడ. పాత గ్రంథాల్లో ఆ పేరుతో ఉన్నది అకేబియా తీగ. గత శతాబ్దంలో దాని స్థానంలోకి ఈశాన్య చైనాలో దొరికే ఇంకో తీగ వచ్చింది, దాన్నీ ముతోంగ్ అనే పిలిచారు. ఇది అరిస్టలోకియా జాతి మొక్క. అందులోని ఆమ్లం మూత్రపిండాలను మెల్లగా ఎండబెడుతుంది, క్యాన్సర్ కూడా తెస్తుంది. 1993లో బ్రస్సెల్స్ వైద్యులు, సన్నబడడానికి చైనా మూలికలు వాడిన ఆడవాళ్ల మూత్రపిండాలు చెడిపోయిన సంగతి బయటపెట్టారు. అక్కడ కూడా వేరే మొక్క పేరుతో ఈ జాతి మొక్కే కలిసింది. చైనాలో లోంగ్‌డాన్ మాత్రలను "మంట తగ్గుతుంది" అని నెలల తరబడి, ఏళ్ల తరబడి వేసుకున్నవాళ్లలో అదే జరిగింది. 2003లో ప్రభుత్వం ఆ తీగను నిషేధించి, పాత అకేబియానే వాడాలని ఆదేశించింది. చెవికి మూలం మూత్రపిండమని నేర్పే వైద్యంలో, చెవి మోతకిచ్చే మందే మూత్రపిండాలను తినేసింది. మూలికలు కాబట్టి ఏమీ కాదులే అనేవాళ్లందరికీ ఈ ఒక్క సంగతీ చెప్పాలనిపిస్తుంది. మన పల్లెల్లో పాము కాటుకని నూరిపోసే నల్ల ఈశ్వరి వేరు, గాడిదగడపాకు కూడా ఆ జాతివే. ఈ జాతి మొక్కలున్న మందులను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లోనే మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో చేర్చింది.

సూదుల గదిలో ఆరు మంచాలు, మధ్య నీలం తెరలు. దుకాణం ఆవిడ పడుకుంది. "నోరు తెరవండి," అంది సూదులు వేసే అమ్మాయి. నోరు తెరిస్తే చెవి ముందున్న చిన్న గుబ్బకు ఎదురుగా గుంట పడుతుంది. వేలు పెట్టి చూసుకోండి, మీకూ తెలుస్తుంది. అక్కడ ఒకదాని కింద ఒకటిగా మూడు బిందువులు. వాటిలో నడిమిదాని పేరు టింగ్‌గోంగ్. వెంట్రుక కన్నా కాస్త లావుగా ఉండే సూది ఒక్క తట్టుతో చర్మం దాటింది. అమ్మాయి దాన్ని రెండు వేళ్ల మధ్య మెల్లగా తిప్పుతూ "వచ్చిందా?" అని అడిగింది. ఆవిడ ముఖం చిట్లించి, "బరువుగా, తిమ్మిరిగా చెవి లోపలికి పోయింది," అంది. వాళ్లు ఎదురుచూసేది ఆ బరువు కోసమే. ఇంకో సూది చెవి తమ్మె వెనక, మరొకటి చేతి వెనక ఉంగరపు వేలు, చిటికెన వేలు ఎముకల సందులో, చివరిది లోపలి చీలమండ వెనక, మూత్రపిండాల దారిలో. పైన దీపం వెలిగించి అరగంట వదిలేశారు.

సూదులు మోతను తగ్గిస్తాయా? జరిగిన పరీక్షలు చాలావరకు చిన్నవి, ఫలితాలు ఒకదానికొకటి పొసగవు. అమెరికా చెవి వైద్యుల సంఘం 2014లో ఇచ్చిన మార్గదర్శకాలు ఆక్యుపంక్చర్ విషయంలో అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. చైనా చెట్టే అయిన గింకో ఆకు మాత్రలను మాత్రం వద్దంది. వినికిడి తగ్గినవాళ్లకు వినికిడి యంత్రం, మోత వల్ల పుట్టే బెంగను తగ్గించే కౌన్సెలింగ్ మేలు చేస్తాయంది. డాక్టరమ్మ కూడా ఆవిడకు వినికిడి యంత్రం గురించి చెప్పింది. ఆవిడ వినిపించుకోలేదు, బజారులో నలుగురూ చూస్తారని.

సూదులు తీశాక ఇంట్లో చేసుకోమని ఒక పని నేర్పారు. అరచేతులతో చెవులు పూర్తిగా మూసి, వేళ్లు తల వెనక ఎముక మీద ఆనించాలి. చూపుడు వేలిని నడిమి వేలి మీదకెక్కించి జార్చాలి, తల లోపల డప్పు కొట్టినట్టు దబ్బున మోగుతుంది. పొద్దున ఇరవై నాలుగు సార్లు, రాత్రి ఇరవై నాలుగు సార్లు. దీనికి కాసు ఖర్చు లేదు, ప్రమాదమూ లేదు. ఆవిడ రెండోసారికే పట్టేసింది. పక్క మంచం మీది ముసలాయన తెర పక్కకి జరిపి చూస్తూ తనూ మొదలుపెట్టాడు.

పదకొండు దాటింది. లారీ డ్రైవరు ఒకతను వరస తప్పించుకుని గదిలోకి వచ్చి ఎడమ చెవి చూపించాడు. మిగతావాళ్లు గొణిగారు. "నిన్న పొద్దున లేచేసరికి ఈ చెవి పనిచెయ్యడం లేదు. హోరు ఒక్కటే ఉంది." అతను అప్పటికే దిండు మీద చెయ్యి పెట్టేశాడు. డాక్టరమ్మ మణికట్టు తాకలేదు. చెవిలో లైటు వేసి చూసింది, గుబిలి అడ్డం లేదు. ఫోనెత్తి వినికిడి పరీక్ష గదికి చెప్పింది, ఈ మనిషిని వరసలో నిలబెట్టొద్దని. ఒక్క చెవి ఉన్నట్టుండి వినపడకపోతే గంటలకు విలువ ఉంటుంది. మొదటి రోజుల్లోనే స్టెరాయిడ్ మొదలుపెడితే వినికిడి తిరిగొచ్చే అవకాశం ఎక్కువ, వారాలు గడిస్తే ఆ దారి మూసుకుపోతుంది. ఒక్క చెవిలోనే ఉండే మోతకీ, గుండెతో పాటు కొట్టుకునే మోతకీ కూడా కషాయం తాగుతూ కూర్చోకూడదు, ముందు కారణం వెతకాలి.

"నాడి చూడరా డాక్టర్? మా అమ్మ సూదులు వేయించుకోమంది."

"వేస్తాను బాబూ, రేపైనా వేస్తాను. ముందు పరీక్ష, ఆ తర్వాత వార్డులో మందు. లారీ ఎక్కడ పెట్టావు? ఇవాళ నువ్వు ఇంటికి వెళ్లడం లేదు, ఓనరుకు ఫోన్ చేసి చెప్పు."