సోరియాసిస్: ఉప్పు నీళ్ల స్నానం, లైట్ థెరపీ.. ఏది ఎంతవరకు పనిచేస్తుంది?

రుద్రూర్ (బాన్సువాడ): మోచేతులు, మోకాళ్లు, తలపై ఎర్రటి మచ్చలు.. పైన వెండి రంగు పొలుసులు, దురద. ఇవీ సోరియాసిస్ లక్షణాలు. ఇది అంటువ్యాధి కాదు. ఒకే కంచంలో తిన్నా రాదు. రోగనిరోధక వ్యవస్థ గాడి తప్పడంతో నెలకు మారాల్సిన చర్మ కణాలు కొద్ది రోజుల్లోనే పుట్టుకొచ్చి పేరుకుపోతాయి. పూర్తిగా పోగొట్టే మందు లేదు కానీ అదుపులో ఉంచొచ్చు.

మృత సముద్రంలో ఏముంది?

ఇజ్రాయెల్, జోర్డాన్ మధ్య ఉన్న మృత సముద్రానికి బాధితులు దశాబ్దాలుగా వెళ్తున్నారు. ఆ నీళ్లలో 30 శాతానికి పైగా లవణాలే. మెగ్నీషియం ఎక్కువ. సముద్ర మట్టానికి 430 మీటర్లకు పైగా దిగువన ఉండటంతో, చర్మాన్ని కాల్చే కిరణాల తీవ్రత అక్కడ తక్కువ. సుమారు నాలుగు వారాలు స్నానం, ఎండ రెండూ ఇస్తారు. అంటే ఇది ఒక్క నీటి మహిమ కాదు.

ఉప్పు నీళ్ల స్నానం తర్వాత యూవీబీ కాంతి ఇస్తే, ఒక్క కాంతి కంటే ఫలితం మెరుగ్గా ఉండొచ్చని 2020లో కోక్రేన్ సమీక్ష చెప్పింది. అయితే ఆధారాలు బలంగా లేవని కూడా స్పష్టం చేసింది.

లైట్ థెరపీ ఎలా చేస్తారు?

ఇప్పుడు ఎక్కువగా వాడేది 311 నానోమీటర్ల నారోబ్యాండ్ యూవీబీ. కళ్లకు అద్దాలు పెట్టి, క్యాబిన్‌లో కొన్ని సెకన్లతో మొదలుపెట్టి సమయం పెంచుతారు. వారానికి 2, 3 సార్లు చొప్పున సాధారణంగా 20 నుంచి 30 సిట్టింగులు పడతాయి. మరో పద్ధతి పూవా. ఇందులో సోరాలెన్ మందు ఇచ్చి యూవీఏ కాంతి పెడతారు. మన బావంచాల గింజల్లో ఉండేదీ సోరాలెనే. గర్భిణులకు పూవా ఇవ్వరు.

పల్లెల్లో అసలు కష్టం

నాట్ల సీజన్‌లో రుద్రూర్ నుంచి వారానికి మూడుసార్లు పట్నం వెళ్లాలంటే కూలీ పోతుంది, బస్సు ఖర్చు అదనం. మధ్యలో మానేస్తే ఫలితం దక్కదు. అందుకే మొదలుపెట్టే ముందే దగ్గర్లో ఏ ఆస్పత్రిలో యంత్రం ఉందో, ఎన్ని సిట్టింగులు కావాలో అడిగి తెలుసుకోవాలి.

పొలం ఎండ దీనికి బదులు కాదు. డోసు తెలియదు, చర్మం కమిలితే కొత్త మచ్చలు లేస్తాయి.

ఇంట్లో ఇలా..

- గోరువెచ్చని నీళ్లతో 10 నుంచి 15 నిమిషాలు స్నానం. పొలుసులు గీకొద్దు.
- తడి ఆరకముందే కొబ్బరి నూనె లేదా మాయిశ్చరైజర్ రాయాలి.
- స్టెరాయిడ్ మాత్రలు సొంతంగా వాడొద్దు. ఇప్పటికే వాడుతుంటే డాక్టర్‌కు చెప్పకుండా ఒక్కసారిగా ఆపొద్దు. జబ్బు ఒళ్లంతా ఎగదన్నే ప్రమాదం ఉంది.
- కీళ్ల నొప్పులు, వాపు ఉంటే వెంటనే చెప్పాలి. సోరియాసిస్ కీళ్లకూ పాకుతుంది.