పిడికెడు బియ్యం లెక్క

కిందటేడు రామచంద్రపురంలో మా అమ్మమ్మగారి ఇల్లు అమ్మేశారు. సామాన్లు దింపుతుంటే అటకమీద పాత పంచాంగాల కట్టలో అట్ట ఊడిపోయిన పొడుగు పుస్తకం ఒకటి దొరికింది. తాతయ్య చిట్టా అనుకుని పక్కన పడెయ్యబోయాను. తెరిస్తే అక్షరాలు అమ్మమ్మవి. అయిదో తరగతితో ఆగిపోయిన చదువు ఆవిడది. 1954 నుంచి 1961 దాకా ప్రతి శనివారం తేదీ వేసి, ఎడమ పక్క ఇళ్ళు, కుడి పక్క కొలతలు రాసుకుంది. సోల, తవ్వ, మానిక, ఎప్పుడైనా ఒక అడ్డ. పేజీ అడుగున మొత్తం కుంచాల్లో. 1957లో నయాపైసలొచ్చాయి, 1958లో కిలోల లెక్క మొదలయింది. పైసలు పుస్తకంలోకి వచ్చాయిగానీ కిలోలు చివరిదాకా రాలేదు.

అది వాళ్ళ మహిళా మండలి పిడికెడు బియ్యం లెక్క. మా తరానికి అమ్మమ్మలు చెప్పగా తెలుసు. తరవాతి తరం కోసం కాస్త వివరంగా రాస్తాను. రోజూ అన్నానికి బియ్యం కొలుచుకున్నాక, కడగబోయేముందు, ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న డబ్బాలో వెయ్యాలి. శనివారం సాయంత్రం మండలి ఆడవాళ్ళు ఇద్దరిద్దరుగా సంచీ పట్టుకుని వీధి వీధీ తిరిగి డబ్బాలు ఖాళీ చేసుకొస్తారు. ఒకరింట్లో దంపుడు బియ్యం, ఒకరింట్లో మర బియ్యం, ఒకరివి పాతవి, ఇంకొకరివి నిన్న దంచినవి. అన్నీ కలిసిపోతే అన్నం సగం మెత్తగా, సగం పలుకుగా అవుతుంది. అందుకని ఎవరో ఒకరి వసారాలో కూర్చుని వేరుచేసి, చెరిగి, రాళ్ళు ఏరి, ఆదివారం పంచేవారు. ఎవరికంటే, ఆదరువు లేని ముసలివాళ్ళకి, బాలింతలకి, మొగుడు వదిలేసిన వాళ్ళకి, వారాలు కుదరని చదువుకునే పిల్లలకి.

బియ్యమే ఎందుకు? చందా డబ్బులే వసూలు చెయ్యొచ్చుగా అని ముందు నాకూ అనిపించింది. పుస్తకం పూర్తిగా చదివాక తెలిసింది. ఆ ఇళ్ళల్లో ఏ ఆడమనిషి చేతిలోనూ చిల్లిగవ్వ ఉండదు. అణా కావాలన్నా మగవాణ్ణి అడగాలి, ఎందుకో చెప్పాలి. పొలం ఆయనది, గాదె తాళం చెవి అత్తగారిది. ఆవిడ చేతి కిందకి వచ్చేది రోజుకి ఒక్కసారి, ఎసట్లో పొయ్యడానికి కొలిచిన బియ్యం మాత్రమే. అందులోంచి పిడికెడు తగ్గిస్తే ఎవరూ గమనించరు. లోటు పడితే ఆఖర్న తినేది తనే కాబట్టి ఆ లోటూ తనదే. ఆస్తిహక్కు లేని ఆడవాళ్ళు ఎవర్నీ అడక్కుండా ఇవ్వగలిగిన ఒకే ఒక దానం అది, తమ కంచంలోంచి తీసిన దానం.

మా గోదావరి జిల్లాల్లో అన్నదానం అనగానే డొక్కా సీతమ్మగారి పేరొస్తుంది. 1841లో మండపేటలో పుట్టి, పెళ్ళితో వైనతేయ గోదావరి ఒడ్డున లంకల గన్నవరం చేరి, 1909లో పోయేదాకా ఏ వేళప్పుడు వచ్చినవాళ్ళకైనా అన్నం పెట్టిన మనిషి. రేవు దాటే బాటసారులకి ఆ ఇల్లే దిక్కు. 1903లో ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేక ఉత్సవాలకి రమ్మంటే రానన్నదనీ, కలెక్టరు ఫోటో తీయించి పంపాడనీ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఫోటో కథ నేను చిన్నప్పటినుంచి ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అన్నదానం గొప్పదనానికి చక్రవర్తి సంతకం ఎందుకు కావాల్సొచ్చిందో మాత్రం ఎవరూ అడగలేదు. అర్ధరాత్రి వచ్చిన మనిషికి పొయ్యి రాజేసి వండటమంటే ఏమిటో, ఎన్ని కట్టెలు, ఎన్ని బిందెల నీళ్ళు, ఎవరి నడుము అన్నది ఆ కథలో ఉండదు.

నీళ్ళ సంగతి వచ్చింది కాబట్టి రాజ్యలక్ష్మమ్మగారిని తలుచుకోవాలి. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం జరిపించారని మనందరం బళ్ళో చదివాం. వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు ఊరికి భయపడి మానేస్తే, గోదావరినుంచి నీళ్ళు మోసుకొచ్చి ఆ పెళ్ళి వంట చేసింది కందుకూరి రాజ్యలక్ష్మి. తరవాత కూడా ఆ ఇంటికి ఆశ్రయం కోరి వచ్చిన పిల్లలందరికీ తల్లి, వంటమనిషి, పురిటి మంచం దగ్గర మంత్రసాని ఆవిడే. సంస్కరణ ఆయనది, సహకారం ఆవిడది అయింది! 'మనకు తెలియని మన చరిత్ర' 1986లో వచ్చినప్పుడు, తెలంగాణా పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలు చదువుతూ, దళాలకి వండి పెట్టినవాళ్ళని ఏ జాబితాలో వెయ్యాలా అని మేం వాదులాడుకున్నాం. అదే వాదన ఈ చిట్టా ముందు కూర్చున్నా వచ్చింది.

కానీ సేవ అంటే చాకిరీయే అని తేల్చేస్తే అబద్ధమవుతుంది. శనివారం సంచీ పట్టుకుని వీధిలోకి రావడం అమ్మమ్మకి ఎంత పెద్ద సంగతో మా అమ్మ చెప్తుంది. సినిమాకి పంపని తాతయ్య బియ్యం వసూలుకి పంపేవాడు. పుణ్యం కదా! ఇరవై ముప్ఫై ఇళ్ళ లోపలి సంగతులు, ఏ కోడలికి ఏ దెబ్బలున్నాయో, ఏ పిల్లని బడి మాన్పించారో ఆ సంచీతోపాటే బయటికొచ్చేవి. స్త్రీల సంఘం అనేది మన దగ్గర ఈ తోవలోనే వచ్చింది. భండారు అచ్చమాంబ, ఓరుగంటి సుందరీ రత్నమాంబ 1902లో బందరులో బృందావన స్త్రీ సమాజం పెట్టిన దగ్గర్నుంచి, ఆడవాళ్ళు గుమ్మం దాటడానికి చదువూ సేవా అనే రెండు మాటలే అనుమతి పత్రాలు.

ఆ అనుమతిని దుర్గాబాయి అంత దూరం తీసుకుపోయినవాళ్ళు తక్కువ. 1921లో గాంధీ కాకినాడ వస్తున్నాడంటే, దేవదాసీలూ ఘోషా ముస్లిం స్త్రీలూ ఆయన్ని విడిగా కలవాలని పట్టుబట్టింది ఆ పన్నెండేళ్ళ పిల్ల. అయిదు వేల రూపాయల నిధి ఇస్తేనే అన్నారు పెద్దలు. ఆ డబ్బు పోగుచేసింది దేవదాసీలే. ఆవిడ ఆత్మకథలో నన్ను ఆపేసిన చోటు ఇది. మర్యాదస్తులు ఎవరినైతే 'ఉద్ధరించాలి' అనుకుంటున్నారో వాళ్ళే ఇక్కడ దాతలు.

ఎనిమిదో ఏట చేసిన పెళ్ళిని యుక్తవయసు వచ్చాక కాదన్నది. కాకినాడలో బాలికలకి హిందీ పాఠశాల పెట్టింది. 1930 ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళింది. తమ మీదున్న నేరమేమిటో కూడా తెలియకుండా శిక్షలు అనుభవిస్తున్న ఆడఖైదీలని అక్కడ చూసి లా చదవాలనుకుంది. 1937లో మద్రాసులో మొదలైన ఆంధ్ర మహిళా సభ, మైలాపూరు పిల్లల ఆటపాటల సంఘంగా పుట్టింది. పిల్లల్ని దింపడానికొచ్చిన తల్లులూ పిన్నులూ అరుగుమీద కూర్చునేవాళ్ళు కదా! వాళ్ళలో చదువు ఆగిపోయినవాళ్ళని కూచోబెట్టి బెనారస్ మెట్రిక్ పరీక్షకి తయారుచేయడం సభ అసలు పని అయింది. పిడికెడు బియ్యానికీ దీనికీ తేడా ఇక్కడుంది. బియ్యం వారం గడుపుతుంది. మెట్రిక్ పాసైతే టీచరు ట్రైనింగో నర్సు ట్రైనింగో వస్తుంది, వచ్చే నెల ఆమె జీతం ఆమె చేతికొస్తుంది.

ఇంకొక్క సంగతి. ఆవిడ కాదనుకున్న ఆ భర్త మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, 1941లో చనిపోయాడు. అతని రెండో భార్య దిక్కులేనిదైతే, దుర్గాబాయే దగ్గరికి తీసి, సభలో పని నేర్పించి, ఉద్యోగం చూపించింది. సవతి అనే మాటకి మన సామెతల్లో ఉన్న అర్థాలన్నీ ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి.

1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి వచ్చింది. దుర్గాబాయి మొదటి అధ్యక్షురాలు. స్వచ్ఛంద సంస్థలకి గ్రాంట్లు మొదలయ్యాయి. అమ్మమ్మ చిట్టాలో 1956 చివర్లో ఒక్కసారిగా భాష మారుతుంది. 'కుట్టు మిషను ఒకటి', 'వోచరు', 'రసీదు అందలేదు'. లెక్కలు చూడటానికి ఒక ప్లీడరు గుమాస్తా వచ్చాడట. అప్పటిదాకా బియ్యం కొలిచిన ఆడవాళ్ళు సంతకాలు పెట్టడానికి మిగిలారు. మిషను మీద జాకెట్లు కుట్టడం నేర్చుకున్నవాళ్ళున్నారు, దానిమీద బతికినవాళ్ళూ ఉన్నారు, ఆ మేలు కాదనలేను. అయినా ఆడదానికి జీవనోపాధి అంటే దేశమంతా కుట్టుమిషనే ఎందుకు గుర్తొచ్చిందన్న ప్రశ్న 1974లో స్త్రీల స్థితిగతుల కమిటీ నివేదిక వచ్చేదాకా గట్టిగా అడగలేదు మనం. ఆరో ప్రణాళికలో, 1980లో, మొదటిసారి స్త్రీలకి ఒక ప్రత్యేక అధ్యాయం దక్కింది.

చిట్టాలో పేర్ల గురించి చెప్పాలి. ఇచ్చినవాళ్ళు 'ప్లీడరుగారిల్లు', 'కరణంగారిల్లు', 'మేడ ఇల్లు'. ఒక్క ఆడపేరు లేదు. పుచ్చుకున్నవాళ్ళు 'ఫలానావారి కోడలు', 'పురోహితుడి అప్పగారు'. వీళ్ళకి మానిక, అడ్డ. ఆ వరస అయ్యాక అడుగున 'పేట మనిషి, తవ్వ'. పేట మనుషులు నలుగురున్నారు, నలుగురూ 'పేట మనిషి' లే. బియ్యం చెరిగిన ఆవిడకి రెండణాలు కూలి రాశారు. మొత్తం పుస్తకంలో ఆడదాని పనికి రాసిన కూలి అదొక్కటే. ఆవిడ పేరూ లేదు.

ఆ నలుగురిలో ఒకామె కూతురు ఇంకా ఊళ్ళోనే ఉందని తెలిసి వెళ్ళాను. డెబ్భై అయిదు దాటాయి. ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. నాకంటే పెద్ద. ఎవరి మనవరాలినో చెప్పగానే "రండి అమ్మాయిగారూ" అంది. పేరు పెట్టి పిలవండి అక్కా అంటే నవ్వి ఊరుకుంది, మళ్ళీ అమ్మాయిగారూ అనే అంది.

పుస్తకం చూపించాను. 'పేట మనిషి' అన్నచోట వేలు పెట్టి చాలాసేపు చూసింది.

"మా నాన్న మిల్లులో పోయాక మూడేళ్ళు తెచ్చుకున్నామండీ ఆ బియ్యం. ముందు గుమ్మంలోకి కాదు. పెరటివైపు, దొడ్డి తలుపు దగ్గిర. మా అమ్మ కొంగు పట్టేది. మీ అమ్మమ్మగారు పైనించి పోసేవారు, తగలకుండా. కింద పడ్డ గింజలు ఏరుకోడం నా పని."

నేనేదో అనబోయాను. ఆమె ఆపింది.

"ఆ బియ్యం లేకపోతే నేనూ లేనండి. ఆవిడే మా అమ్మతో, దీన్ని బడి మాన్పించకు అని గట్టిగా చెప్పారు. పలకా కొనిచ్చారు. అదీ పైనించే వేశారనుకోండి. రాస్తే రెండూ రాయండి."

రెండూ రాస్తున్నాను. సీతమ్మగారి మీదా, రాజ్యలక్ష్మమ్మగారి మీదా మనం రాసుకున్న వాటిల్లో రెండోది ఎక్కువుంటుంది, మొదటిది ఉండదు. పెట్టిన చెయ్యి ఎంత ఎత్తున ఉందో కింద కొంగు పట్టినవాళ్ళకే తెలుస్తుంది. వారాల అబ్బాయిలు పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసి, అన్నం పెట్టిన తల్లుల్ని తలుచుకుంటూ జ్ఞాపకాలు రాసుకున్నారు. వాళ్ళని వంటింటి గడపదాకా రానిచ్చిన కులం గురించి ఒక్క వాక్యం రాసినవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

2024లో ఆంధ్రప్రదేశ్‌లో బడుల్లో మధ్యాహ్న భోజన పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. నాకు సంతోషమే. ఆ అన్నం వండే ఆడవాళ్ళకి ఇచ్చేదాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. 2009లో కేంద్రం అది నెలకి 1000 రూపాయలని నిర్ణయించింది. 2019లో ఆంధ్రప్రదేశ్ దాన్ని 3000 చేసింది. అరవై డెబ్భై మంది పిల్లలకి వండి వడ్డించి, గిన్నెలు తోమి ఇంటికెళ్ళే మనిషిని మా పక్క బడిలో అడిగితే, "గౌరవం సంగతి తరవాతండి, బిల్లు ఎప్పుడిస్తారో కనుక్కోండి" అంది. సరుకులకి అప్పు తెచ్చింది ఆమే.

అమ్మమ్మ తన ఇంటినీ చిట్టాలో రాసుకుంది. ప్రతి వారం 'మా ఇల్లు, సోల'. 1961 ఫిబ్రవరి నుంచి ఏడు వారాలు మాత్రం 'మా ఇల్లు, లేదు' అని ఉంది. ఎనిమిదో వారం నుంచి పుస్తకమే లేదు. అది తాతయ్య మంచాన పడ్డ ఏడాది. పొలం కౌలు రాక, మందులకి నగలు పోయిన రోజులు. మరి మీరేం తిన్నారే అని అమ్మని అడిగాను.

అమ్మ కాసేపు చెప్పలేదు. తరవాత అంది. చీకటి పడ్డాక దొడ్డి తలుపు చప్పుడయ్యేదట. బియ్యం చెరిగే ఆవిడ. చెరగటానికి పట్టుకెళ్ళిన నూకలు అంటూ చేటలో తెచ్చి, వంటింటి గట్టుమీద పోసి, దీపం తెచ్చేలోపలే వెళ్ళిపోయేదట. అవి నూకలు కావు, మంచి బియ్యమేనట.

ఆ లెక్క చిట్టాలో లేదు.