తంగేడు చెక్క నుంచి జామాయిల్ దాకా (4వ భాగం)



2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ 'బయోఈ3' విధానాన్ని ఆమోదించింది. 2030 నాటికి దేశ బయో ఎకానమీ 300 బిలియన్ డాలర్లకు చేరాలట. బొగ్గు, చమురు బదులు చెట్టూ చేమా, పశువులు, సూక్ష్మజీవుల నుంచి సరుకు తీయడమే బయో ఎకానమీ. మంచిదే. కొత్తదంటేనే నాకు నవ్వొస్తది.

మా తాత లందలో చేసిందేంటి మరి? గొడ్డు తోలు, సున్నం, తంగేడు చెక్క, కరక్కాయ. దాంతోనే చెప్పులు, మోటకు తొండం. ఊరి సేద్యమంతా ఆ తోలు మీదే నడిచింది. దక్కింది మాత్రం కళ్లం కాడ నాలుగు గింజలు, అంటరానితనం. ఇవాళ తంగేడు రాష్ట్ర పుష్పం. చెక్క ఒలిచినోళ్ల ఊసే లేదు.

ఇక కాగితం. భద్రాచలానికి గోదావరి ఇవతల, సారపాకలో పేపర్ బోర్డుల మిల్లు 1979లో ఉత్పత్తి మొదలుపెట్టింది. మొదట్లో దానికి మేత అడవి వెదురే. అదే వెదురు మీద మేదరోళ్ల తట్టా బుట్టా, కోయల ఇల్లూ దడీ ఆధారపడి ఉండేవి. 1988 జాతీయ అటవీ విధానం పరిశ్రమలను ముడిసరుకు రైతుల దగ్గర పెంచుకోమంది. మిల్లు కూడా ఎంపిక చేసిన జామాయిల్ మొక్కల నుంచి క్లోన్లు తయారుచేసింది. భద్రాచలం క్లోన్లని వాటికి దేశమంతా పేరు. అడవి మీద ఒత్తిడి తగ్గింది, ఆ మాట ఒప్పుకోవాలి. నీళ్లు లేని చెలకలో నాలుగేళ్లకోసారి ఒకేసారి డబ్బు చూసిన పేద రైతులు కూడా ఉన్నారు.

నేను చూసింది ఇంకోటి. మా అమ్మ ఏటా కూలికి పోయే మిర్చి చేను ఒకటుండేది. నాటు, కలుపు, మూడు నాలుగు కోతలు. వాడలో ఆడవాళ్లందరికీ నెలల తరబడి పని. ఒక ఏడు ఆసామి అందులో జామాయిల్ పెట్టాడు. ఆయన్ని తప్పు పట్టను, పురుగుమందుల అప్పు ఆయన్నీ తిన్నది. కానీ జామాయిల్‌కి మొదటి ఏడాది కలుపు తీస్తే చాలు. నరికాక మోడు మళ్లీ చిగురిస్తది, నాటే పని కూడా ఉండదు. నరికే ముఠా బయటి నుంచి లారీలో దిగింది. మావాళ్లకు బెరడు ఒలిచే పని కొన్నాళ్లు. తర్వాత అమ్మ ఆటో ఎక్కి పక్క మండలాలకు పోయింది.

2009లో ఖమ్మం జిల్లాలో ఐటీసీ సామాజిక వనాల ప్రాజెక్టు ఐక్యరాజ్యసమితి స్వచ్ఛాభివృద్ధి పథకం కింద నమోదైంది. చెట్టు ఎంత కార్బన్ పీల్చిందో కొలిచి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి అది. పోయిన కూలి దినాలకు అట్లాంటి సర్టిఫికెట్ లేదు.

భూమి ఉంటే కదా చెట్టు మీద హక్కు, అంటారు. నిజమే. ఏజెన్సీలో 1/70 చట్టం ఆదివాసీల భూమికి కాపలా. దాన్ని సడలించమని నేను ఎన్నడూ అడగను, మీరూ అడగొద్దు. అయితే 2006 అటవీ హక్కుల చట్టం కింద ఆదివాసీ కాని మనిషి మూడు తరాలు, అంటే 75 ఏళ్లు అడవి మీద బతికినట్టు రుజువు తేవాలి. మా తాతకు లంద ఉండేది, కాగితం లేదు. ఇప్పుడు సుబాబుల్, ఆయిల్ పామ్, రేపు ఇథనాల్... ప్రతి మీటింగ్‌లో రైతు ఉంటాడు, కంపెనీ ఉంటది, అధికారి ఉంటాడు. కూలి మనిషికి కుర్చీ వేయాలని రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ చాయ్ ఇచ్చి పంపారు.

వచ్చే భాగంలో తునికాకు సంగతి.