తోటలో రేడియో

మనం పోపు వేసుకుంటూ రేడియో వింటాం. తోటలో కాయలు కోస్తూ విన్న ఆడవాళ్ళ సంగతి ఇవాళ చెబుతాను.

అమెరికాలో వాయవ్య మూల వాషింగ్టన్ రాష్ట్రం ఉంది. (రాజధాని నగరం కాదండోయ్, అది వేరు.) అక్కడ యాకిమా లోయ నిండా ఆపిల్, చెర్రీ, ద్రాక్ష తోటలే. కూలికి వచ్చేవాళ్ళలో చాలామంది మెక్సికో నుంచి వచ్చిన కుటుంబాలవాళ్ళు. మాట్లాడేది స్పానిష్. ఇంగ్లీషు రేడియో ఎంతసేపు మోగినా వాళ్ళకి ఒరిగేదేముంది?

1979 డిసెంబరు 19న గ్రేంజర్ అనే చిన్న ఊళ్ళో స్పానిష్‌లో 'రేడియో కదేనా' మొదలైంది. కదేనా అంటే గొలుసు. నెలకొల్పినవాళ్ళలో ఒకావిడ, రోజా రమోన్, కూలీల ఇంటి ఆడపడుచు. స్టేషన్ మేనేజరూ ఆవిడే!

పురుగుమందులు చల్లిన తోటలో ఏ జాగ్రత్త తీసుకోవాలి, కూలీలకు ఏయే హక్కులున్నాయి, అన్నీ సొంత భాషలోనే చెప్పేవారు. కాగితాలు లేనివాళ్ళని పట్టుకోవడానికి అధికారులు వస్తున్నారని తెలిస్తే ఒక పాట వేసేవారట. విన్నవాళ్ళకి సంగతి తెలిసిపోయేది.

నాకు అన్నిటికన్నా నచ్చింది మరొకటుంది. మైకు ఎరగని ఆడవాళ్ళకి పని నేర్పి అనౌన్సర్లని చేశారు. కాగితం చేతిలో ఉండి కూడా మొదటిరోజు నా గొంతు తడారిపోయింది. మరి తోటపని చేసిన చేతులతో మీటలు తిప్పిన ఆ తల్లులకి ఎలా ఉండేదో! ఆడవాళ్ళని కించపరిచే పాటలు మాత్రం అక్కడ వెయ్యకూడదని నియమం పెట్టుకున్నారు. మన 'స్త్రీల కార్యక్రమం' లాంటిదే వాళ్ళకీ ఒకటుండేది. పేరు 'ముహేర్'. అంటే స్త్రీ అనే!