వర్తక సంఘం కుర్చీ.. ఎన్నికల బరి

మున్సిపల్ ఎన్నికల ప్రకటన వెలువడిన ప్రతిసారీ పట్టణాల్లోని బజారు వీధుల్లో ఒకే చర్చ. కిరాణా, వస్త్ర, బులియన్ వర్తక సంఘాల అధ్యక్షుల్లో ఎవరికి ఏ పార్టీ బి-ఫారం ఇవ్వనుందన్నదే ఆ చర్చ. సంఘం నాయకుడు కౌన్సిలర్‌గానో, శాసనసభ్యునిగానో ఎన్నికైతే వ్యాపారుల గోడు వినేవారుంటారని కొందరి ఆశ. అన్ని పార్టీల వారూ చందా కట్టి నిలబెట్టుకున్న సంఘం ఒక పార్టీ వాకిట్లో కట్టుబానిస అవుతుందని మరికొందరి భయం. ఈ రెండింటికీ ఆధారాలు లేకపోలేదు.

వర్తకుల ప్రాతినిధ్యం కొత్త సంగతి కాదు. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం కింద మద్రాసు శాసనసభలోని 215 స్థానాల్లో వాణిజ్య, పారిశ్రామిక వర్గాలకు 6, కార్మికులకు 6, భూస్వాములకు 6 కేటాయించారు. నాడు వర్తక మండలి ప్రతినిధి అదే హోదాలో సభలో కూర్చునేవాడు. రాజ్యాంగం అమల్లోకి వచ్చాక ఈ పద్ధతి పోయింది. శాసనమండలిలో పట్టభద్రులకు, ఉపాధ్యాయులకు, స్థానిక సంస్థలకు స్థానాలున్నాయి గానీ వర్తకులకు లేవు. కనుక వర్తక నాయకుడు చట్టసభకు వెళ్లాలంటే పార్టీ టికెట్టే దాదాపు ఏకైక మార్గం. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ఉపాధ్యాయ నియోజకవర్గాల్లో పరిస్థితి వేరు. అక్కడ ఓటర్లూ ఉపాధ్యాయులే, పోటీలో ప్రధానంగా నిలిచేవీ ఉపాధ్యాయ సంఘాలే. వరంగల్-ఖమ్మం-నల్గొండ స్థానాన్ని 2019లో యూటీఎఫ్ పక్షాన అలుగుబెల్లి నర్సిరెడ్డి గెలుచుకోగా, 2025లో పీఆర్‌టీయూ అభ్యర్థి పింగిలి శ్రీపాల్‌రెడ్డి దక్కించుకున్నారు. సంఘం బలమే అక్కడ ఓటు బలం. వర్తక సంఘం అధ్యక్షుడికి ఆ వెసులుబాటు లేదు. వార్డులో దుకాణదారులు పది మంది ఉంటే కొనుగోలుదారులు వందల మంది.

ఉద్యోగ సంఘాల నాయకులు ఈ దారిలో చాలా దూరం వెళ్లారు. టీఎన్జీవోల ఉద్యమం నుంచి వచ్చిన స్వామిగౌడ్ 2013లో పట్టభద్రుల స్థానం నుంచి మండలికి ఎన్నికై, 2014లో తెలంగాణ శాసనమండలి ఛైర్మన్ అయ్యారు. గెజిటెడ్ అధికారుల సంఘం నేత వి.శ్రీనివాస్‌గౌడ్ 2014లో మహబూబ్‌నగర్ శాసనసభ్యుడై, 2019లో మంత్రి పదవి చేపట్టారు. ఏపీ ఎన్జీవోల నేత పి.అశోక్‌బాబు 2019లో తెలుగుదేశం పక్షాన ఎమ్మెల్సీ అయ్యారు. అయితే ప్రవర్తనా నియమావళి ప్రకారం ప్రభుత్వ ఉద్యోగి ఎన్నికల్లో పాల్గొనరాదు. ఉద్యోగం వదలకుండా నామినేషన్ వేసే వీలు లేదు గనుక, సంఘం బాధ్యతల నుంచి తప్పుకోవడం దానంతటదే జరుగుతుంది. వర్తకుడికి అలాంటి కట్టడి లేదు. సంఘం అధ్యక్ష పదవి ప్రభుత్వ పదవి కాదు కాబట్టి 'లాభదాయక పదవి' నిబంధన కూడా వర్తించదు. ఉదయం చాంబర్ భవనంలో అధ్యక్షుడిగా, సాయంత్రం అదే మెట్ల మీద అభ్యర్థిగా కనిపించినా చట్టం అడ్డు చెప్పదు.

ఉత్తరాదిన ఇది బాగా పాతుకుపోయింది. భారతీయ ఉద్యోగ్ వ్యాపార్ మండల్ నేత శ్యాంబిహారీ మిశ్రా 1991 నుంచి వరుసగా నాలుగుసార్లు బీజేపీ తరఫున ఉత్తరప్రదేశ్‌లోని బిల్హౌర్ ఎంపీగా గెలిచారు. అదే రాష్ట్రంలో మరో వ్యాపార మండలి నేత బన్వారీలాల్ కంఛల్ 2006లో సమాజ్‌వాదీ పార్టీ తరఫున రాజ్యసభకు వెళ్లారు. వ్యాట్‌పై వర్తకులు తీవ్ర వ్యతిరేకత చూపిన రోజులవి. మన రాష్ట్రంలో 2005 ఏప్రిల్ 1న మొదలైన వ్యాట్ అక్కడ 2008 జనవరి 1న గానీ అమల్లోకి రాలేదు. అఖిల భారత వర్తక సమాఖ్య 'సీఏఐటీ' ప్రధాన కార్యదర్శి ప్రవీణ్ ఖండేల్వాల్ 2024లో ఢిల్లీ చాందినీ చౌక్ నుంచి బీజేపీ ఎంపీగా నెగ్గారు. ఎంపీ అయ్యాక కూడా ఆయన సమాఖ్య పదవిలోనే కొనసాగారు. చిల్లర వర్తకంలో విదేశీ ఈ-కామర్స్ సంస్థలపై సంవత్సరాల తరబడి పోరాడిన సమాఖ్య అది. పాలకపక్ష ఎంపీ నడిపే సంఘం అదే ప్రభుత్వంపై బంద్‌కు పిలుపునివ్వగలదా అన్నది వర్తకులు అడగదగిన ప్రశ్నే.

గెలిస్తే ఒరిగేదేమిటన్నది ఇంకో లెక్క. 2017 జూలై 1 తర్వాత పన్ను రేట్లు జీఎస్టీ మండలి చేతికి వెళ్లాయి. అందులో కేంద్ర ఆర్థిక మంత్రి, రాష్ట్రాల మంత్రులే సభ్యులు. తూనికలు కొలతల చట్టం, ఆహార భద్రత చట్టం కేంద్రానివి. ఎమ్మెల్యే అయిన వర్తక నాయకుడు వీటిలో మార్చగలిగేది స్వల్పం. ఇక ట్రేడ్ లైసెన్సు రుసుము, ఆస్తి పన్ను, బజారులో మురుగు కాలువ, తోపుడు బండ్ల వివాదం.. ఇవన్నీ మున్సిపాలిటీ పరిధిలోనివి. ఆ లెక్కన చూస్తే వర్తకుడికి అసెంబ్లీ కంటే కౌన్సిల్ సీటే అక్కరకొస్తుంది. టికెట్ల కోసం రాజధాని చుట్టూ తిరిగే నాయకులు దీన్ని ఎందుకో పట్టించుకోరు.

చందా ఎవరిది?

అసలు తగాదా డబ్బు దగ్గర వస్తుంది. సంఘం నిధి చిల్లర కొట్టు యజమాని నుంచి హోల్‌సేల్ వ్యాపారి వరకు అందరిదీ. దీనికి కార్మిక సంఘాల చట్టం ఏనాడో ఒక దారి చూపింది. 1926 నాటి ఆ చట్టం ప్రకారం సాధారణ నిధిని రాజకీయ అవసరాలకు వాడరాదు. అందుకు విడిగా నిధి పెట్టుకోవచ్చు, దానికి చందా ఇమ్మని ఎవరినీ బలవంతపెట్టరాదు, ఇవ్వని సభ్యుడికి సంఘం ప్రయోజనాలు ఆపరాదు. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ప్రత్యేక నిధి సూత్రం ఉంది. మన వర్తక సంఘాలు ఎక్కువగా సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైనవి. వాటి బైలాల్లో ఇంత స్పష్టత అరుదు. చాంబర్ హాలు, జీపు, మైకు, గుమాస్తా ఎన్నికల పనికి వెళ్లినప్పుడు కోశాధికారి ఏ పద్దు కింద రాయాలో తెలియక తల పట్టుకుంటాడు.

పోటీ చేయదలచిన నాయకుడు మరికొన్ని సంగతులు గమనించాలి. ప్రజాప్రాతినిధ్య చట్టం 9-ఎ సెక్షన్ ప్రకారం సంబంధిత ప్రభుత్వానికి సరుకు సరఫరా చేసే, పనులు చేసే కాంట్రాక్టు చేతిలో ఉన్న వ్యాపారి అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలకు అనర్హుడు. కాంట్రాక్టర్ల సంఘాల నాయకులకు ఇది ముఖ్యం. మున్సిపల్ ఎన్నికల్లోనూ పురపాలక కాంట్రాక్టులు, నోటీసు అందాక కూడా కట్టని బకాయిలు అడ్డు వస్తాయి.

నాయకుడిని పోటీ చేయవద్దనడం సబబు కాదు. అది పౌరుడిగా అతని హక్కు. నామినేషన్ వేసేలోపు సంఘం పదవికి రాజీనామా చేయాలని, ఓడినా గెలిచినా ఆ పదవీకాలంలో మళ్లీ చేపట్టరాదని బైలాలో రాసుకుంటే సరిపోతుంది. సర్వసభ్య సమావేశంలో ప్రత్యేక తీర్మానం చేసి రిజిస్ట్రార్‌కు దాఖలు చేయాలి. ఎన్నికల ప్రకటన వచ్చాక పిలిచే సమావేశంలో ఇది నెగ్గదు, అప్పటికే సభ్యులు రెండు వర్గాలుగా చీలి ఉంటారు. ఎన్నికలు లేని ఏడాది, పాత పద్దులు ఆమోదించే రోజునే ఆ తీర్మానం కూడా పెట్టుకోవాలి.