బాదం: తీపి గింజకు చేదు బంధువుల అండ

తూర్పు ఢిల్లీలోని లక్ష్మీ నగర్ కిరాణా దుకాణాల్లో బాదం పప్పు సాధారణంగా మూడు పేర్లతో అమ్ముడవుతుంది. పొడవుగా, నున్నగా, అన్నీ ఒకే తీరున ఉండేది కాలిఫోర్నియా రకం. ముడతలు పడి, నూనె అధికంగా ఉండి, ధరలో మిగతావాటిని మించేది మామ్రా. చిన్నగా, పొట్టిగా ఉండేది అఫ్గానిస్థాన్ నుంచి వచ్చే గుర్‌బందీ. ఈ మూడో రకంలో అప్పుడప్పుడు ఒక చేదు గింజ తగులుతుంది. సరకు చెడిపోయిందని కొన్నవారు అనుకుంటారు. నిజానికి బాదం జాతికి పుట్టుకతో వచ్చినది చేదే. తీపి తర్వాత వచ్చింది. తీపి బాదం సాగు మున్ముందు నిలవాలంటే, ఆ చేదు జాతులను కాపాడుకోవడం అవసరమని ఈ పంట చరిత్ర చెబుతోంది.

పేరు ఒకటి, చెట్లు రెండు

'బాదం' పారసీక పదం. తెలుగునాట ఆ పేరు రెండు వేర్వేరు చెట్లకు స్థిరపడింది. ఇళ్ల ముందు, బడి ఆవరణల్లో కొమ్మలు అంతస్తులుగా చాచి, రాలే ముందు ఆకులు ఎర్రబారే చెట్టును బాదం చెట్టు, నాటు బాదం అని పిలుస్తారు. దాని ఆకులతో విస్తళ్లు కుడతారు. పిల్లలు కాయను రాతితో పగలగొట్టి లోపలి సన్నని పప్పు తింటారు. దీని శాస్త్రీయ నామం టెర్మినేలియా కటప్పా. కరక్కాయ, తాని, తెల్లమద్ది చెట్లు దీనికి సమీప బంధువులు. దుకాణంలో దొరికే బాదంతో దీనికి చుట్టరికం లేదు.

అసలు బాదం, అంటే ప్రూనస్ డల్సిస్, గులాబీ కుటుంబానికి చెందినది. పీచ్, ప్లమ్, ఆప్రికాట్ దీని బంధువులు. హైదరాబాద్ ఖుబానీ కా మీఠాపై అలంకరించే పప్పు ఆప్రికాట్ గింజలోనిదే. అది బాదం పప్పును పోలి ఉండటానికి కారణం ఈ బంధుత్వమే. పీచ్‌లో కండ తిని గింజ పారవేస్తాం. బాదంలో కండ ఎండి చీలిపోతుంది, లోపలి గింజ మాత్రమే ఆహారమవుతుంది. చలికాలంలో కొన్ని వారాల పాటు తగినంత చల్లదనం లేనిదే ఈ చెట్టు సరిగా పూయదు. అందుకే దేశంలో దీని సాగు ప్రధానంగా కశ్మీర్‌కు, కొంతమేర హిమాచల్ ప్రదేశ్‌కు పరిమితమైంది.

చేదు పోయిన తీరు

బాదం చేదుకు కారణం అమిగ్డాలిన్ అనే పదార్థం. గింజను నలిపినప్పుడు లేదా నమిలినప్పుడు ఎంజైముల చర్యతో ఇది విడిపోయి, బాదం వాసననిచ్చే బెంజాల్డిహైడ్‌తో పాటు విషపూరితమైన హైడ్రోజన్ సైనైడ్‌ను వెలువరిస్తుంది. జంతువులు గింజలను తినివేయకుండా మొక్క ఏర్పరచుకున్న రక్షణ ఇది. చేదుగా తగిలిన గింజను ఉమ్మివేయడమే మేలు. చేదు బాదం ఎక్కువగా తింటే ప్రాణాపాయం కలగవచ్చు; పిల్లలకు కొద్ది గింజలతోనే ముప్పు ఉంటుంది.

రుచిని ప్రధానంగా ఒకే జన్యువు నిర్ణయిస్తుందని శాస్త్రవేత్తలు 1920లలోనే గుర్తించారు. ఆ మార్పు ఎక్కడ జరిగిందో 2019లో 'సైన్స్' పత్రికలో వెలువడిన పరిశోధన వివరించింది. అమిగ్డాలిన్ తయారీకి అవసరమైన రెండు జన్యువులను పనిచేయించే ఒక ప్రోటీన్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారింది. దాంతో ఆ రెండు జన్యువులు మూగబోయాయి, గింజ తీయబడింది. ఆ చెట్లను మానవుడు వేల ఏళ్ల క్రితమే పశ్చిమాసియాలో ఎంచుకుని పెంచాడు. క్రీస్తుపూర్వం 14వ శతాబ్దపు ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ సమాధిలోనూ బాదం లభించింది.

తీపి గుణం ప్రబలమైనది. జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి తీపిదైతే చాలు, చెట్టుకు తీపి గింజలే కాస్తాయి. అయితే రెండో ప్రతిలో చేదు దాగి ఉండవచ్చు. అలాంటి రెండు చెట్లు సంకరమైతే, పుట్టే మొక్కల్లో సగటున నాలుగింట ఒకటి చేదు చెట్టవుతుంది. రుచి తల్లి చెట్టును బట్టి ఉంటుంది కనుక ఒక చెట్టు గింజలన్నీ ఒకే రుచితో ఉంటాయి. విత్తనంతో పెంచిన చెట్లు కలిసిన తోటల సరకులో చేదు గింజ కనిపించడానికి కారణం ఇదే. అంటుకట్టిన తోటల్లో ఈ ఇబ్బంది ఉండదు.

ఒక రకం, ఒక ఈగ

ప్రపంచ బాదంలో దాదాపు 80 శాతం కాలిఫోర్నియాలో పండుతుంది. అక్కడి ప్రధాన రకం నాన్‌పరేల్. 1879లో సూసూన్ ప్రాంతపు తోటమాలి ఎ.టి. హాచ్ దీన్ని ఎంపిక చేశారు. నునుపైన గింజ, కాగితంలా పలుచని పెంకు దీని ప్రత్యేకతలు.

ఆ పలుచని పెంకు ఢిల్లీలో జీవనోపాధిగా మారింది. భారతదేశం బాదాన్ని ఎక్కువగా పెంకుతోనే దిగుమతి చేసుకుంటుంది. పప్పుపై కిలోకు రూ.100 సుంకం ఉన్న కాలంలో పెంకుతో వచ్చే సరకుపై రూ.35 మాత్రమే ఉండటం దీనికి ఒక కారణం. లక్ష్మీ నగర్‌కు ఉత్తరాన, యమున అదే ఒడ్డున ఉన్న కరావల్ నగర్‌లో పెంకు తీసి, గింజలు ఏరుతారు. అక్కడి నుంచి సరకు పాత ఢిల్లీలోని ఖారీ బావలీ టోకు మార్కెట్‌కు చేరుతుంది. 2009 డిసెంబరులో కరావల్ నగర్ కార్మికులు కూలి పెంపు కోరుతూ సమ్మె చేశారు. వారిలో మహిళలు పెద్ద సంఖ్యలో ఉన్నారు.

నాన్‌పరేల్‌కు ఒక పరిమితి ఉంది. తన పుప్పొడితో తాను ఫలించదు. అదే రకానికి చెందిన పక్క చెట్టు పుప్పొడీ పనికిరాదు. అందువల్ల వరుసల మధ్య వేరే రకాలు నాటాలి, పుప్పొడిని చేరవేయడానికి తేనెటీగలు కావాలి. ఏటా ఫిబ్రవరిలో అమెరికాలోని వాణిజ్య తేనెపెట్టెల్లో అధికభాగం కాలిఫోర్నియా బాదం తోటలకు తరలివస్తుంది. ఈగలకు తెగులు సోకినా, పూత వేళ వాన, చలి వాటిని కదలనీయకపోయినా దిగుబడి పడిపోతుంది.

అడవి జాతుల తోడ్పాటు

బాదానికి మధ్యధరా తీరం నుంచి చైనా వరకు సుమారు 30 అడవి జాతులు ఉన్నాయి. వాటి గింజలు దాదాపుగా చేదే. కాకసస్ ప్రాంతపు ప్రూనస్ ఫెంజ్లియానాను సాగు బాదానికి పూర్వ జాతిగా పలువురు పరిశోధకులు భావిస్తారు. ఇరాన్ ఎండు కొండల్లో పెరిగే ప్రూనస్ స్కోపేరియా, చీపురు పుల్లల వంటి పచ్చని కొమ్మలతోనూ ఆహారం తయారుచేసుకుని నీటి ఎద్దడిని తట్టుకుంటుంది. ప్రూనస్ బుఖారికా మధ్య ఆసియాలో పెరుగుతుంది.

వీటిలో ప్రూనస్ వెబ్బీ తోడ్పాటు ఇప్పటికే రైతుకు అందింది. బాల్కన్, టర్కీ ప్రాంతాల ఈ పొదకు తన పుప్పొడితోనే ఫలించే గుణం ఉంది. దక్షిణ ఇటలీలోని పులియా ప్రాంతపు పాత రకాలకు ఈ గుణం వెబ్బీ నుంచే సంక్రమించిందని భావిస్తున్నారు. ఆ రకాల్లో ఒకటైన ట్యూనోను ఫెరాన్యెస్‌తో సంకరపరచి ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు లొరాన్ రకాన్ని రూపొందించారు. స్వయంగా ఫలించే రకాలు స్పెయిన్ తోటల స్వరూపాన్నే మార్చాయి. ఒకే రకాన్ని తోటంతా నాటే వీలు కలిగింది, ఈగలపై ఆధారం తగ్గింది.

నేలలోపలి భాగానికీ బంధువులే ఆసరా. అంటుకు అడుగున ఉండే వేరు మొక్కగా వాడే జి.ఎఫ్.677, పీచ్‌కు, బాదానికి పుట్టిన సంకరం. సున్నం ఎక్కువగా ఉన్న నేలలను ఇది తట్టుకుంటుంది.

కశ్మీర్‌లో తరుగుతున్న తోటలు

కశ్మీర్‌లో వసంతానికి ముందుగా స్వాగతం పలికేది బాదం పూత. శ్రీనగర్‌లోని బాదంవారీ తోట దీనికి ప్రసిద్ధి. అయితే మార్చిలోనే పూయడం వల్ల ఆలస్యంగా కురిసే మంచు, వాన తరచూ పంటను దెబ్బతీస్తాయి. కాలిఫోర్నియా సరకుతో ధరలో పోటీ తోడవడంతో రైతులు ఆపిల్ వైపు మళ్లారు. 2006-07లో 16 వేల హెక్టార్లకు పైగా ఉన్న బాదం విస్తీర్ణం 2019-20 నాటికి సుమారు 4 వేల హెక్టార్లకు కుదించుకుపోయింది.

ఇక్కడి పాత చెట్లలో అనేకం విత్తనం నుంచి పెరిగినవి. అంటే ఏ రెండు చెట్లూ ఒకటి కావు. ఆలస్యంగా పూసే చెట్టు, చలికి తట్టుకునే చెట్టు వాటిలోనే దొరకాలి. నరికిన ప్రతి తోటతో ఆ అవకాశం కొంత తగ్గుతుంది. 1994లో శ్రీనగర్‌లో ఏర్పాటైన కేంద్ర సమశీతోష్ణ ఉద్యాన పరిశోధన సంస్థ అలాంటి చెట్లను సేకరించి పెంచుతోంది.

బాపట్ల జీడిమామిడి పాఠం

బాదం పండని తెలుగు నేలపై ఇదే పని జీడిమామిడిలో జరిగింది. బ్రెజిల్ నుంచి పోర్చుగీసుల ద్వారా వచ్చిన ఈ చెట్టులోనూ పరపరాగ సంపర్కమే ఎక్కువ. విత్తనపు మొక్కలు తల్లిని పోలవు. బాపట్ల జీడిమామిడి పరిశోధన కేంద్రం మంచి చెట్లను గుర్తించి, వాటికి సంఖ్యలిచ్చి, ఒకదానితో ఒకటి సంకరపరచింది. 1వ నంబరు, 39వ నంబరు చెట్ల సంకరమే బి.పి.పి.-8 రకం. దీని పిక్క సగటు బరువు సుమారు 8 గ్రాములు. విత్తనానికి బదులు అంటు మొక్కలు నాటడంతో ఈ గుణం రైతు తోటకు చెక్కుచెదరకుండా చేరుతోంది.

కొత్త రకం రూపుదిద్దుకోవడానికి ఏళ్లు పడుతుంది. అందుకు ముడిసరకు మాత్రం పాత తోటల్లో, కొండవాలు పొదల్లో ముందే సిద్ధంగా ఉండాలి. ఒకసారి నరికిన చెట్టు గుణాన్ని ఏ ప్రయోగశాలా తిరిగి తేలేదు.